‘మెష్’ అంటే దోమల జాలి కాదని తెలిసిన లేత్ షాపు

హనుమకొండలో మేము నడిపే చెరకు రసం మిషనులో రెండు రోలర్లను కలిపి తిప్పే పళ్ళ చక్రాలు అరిగిపోతే, ములుగు రోడ్డు వైపున్న ఒక చిన్న లేత్ షాపులో కొత్త జత చేయించాము. ఆ పని గురించే ఈ సమీక్ష.

అంతకుముందు ఒక హార్డ్‌వేర్ దుకాణానికి ఫోన్ చేసి ‘మెష్ సరిగా లేదు’ అన్నాను. కిటికీ కొలతలు చెప్పమన్నారు. వారిని తప్పుపట్టలేము, ఇంగ్లీషులో ఆ మాటకు వల కన్ను అన్న అర్థం ఉంది, మన బజారులో జాలికి అదే పేరు స్థిరపడింది. యంత్రాల వద్ద మాత్రం ఒక చక్రం పన్ను రెండో చక్రం పళ్ళ సందులోకి దిగి, దాన్ని నెట్టి, తట్టుకోకుండా బయటికి రావడాన్ని మెష్ కావడం అంటారు. ఈ లేత్ షాపు మేస్త్రీ దీన్ని ఇంకా తేలికగా చెప్పాడు: “పన్ను పన్నును కొట్టొద్దు సార్, ఒకదాని మీద ఒకటి దొర్లాలె.”

నిజానికి ఇది మా రెండో ప్రయత్నం. మొదట వేరొక చోట చేయించిన చక్రానికి పళ్ళు 18 సరిగ్గానే ఉన్నా, బిగించిన గంటకే మిషను కటకటలాడింది. ఇక్కడి మేస్త్రీ దాన్ని చేతిలోకి తీసుకుని, పళ్ళు కోయడానికి 5 మాడ్యూల్ కట్టర్ వాడవలసిన చోట 5 డీపీ కట్టర్ వాడారని తేల్చాడు. మాడ్యూల్ అంటే పన్ను సైజుకు మిల్లీమీటర్ల లెక్క, డీపీ అంటే అంగుళాల లెక్క. అంగుళంలోని 25.4 మిల్లీమీటర్లను 5తో భాగిస్తే 5 డీపీ అంటే 5.08 మాడ్యూల్ అని తేలుతుంది. ఆ 0.08ని 3.14తో గుణిస్తే, ఒక్కో పన్ను దూరంలో పావు మిల్లీమీటరు తేడా పడుతుంది. కంటికి ఆనని ఆ తేడాకు ఇనుము మాత్రం ఊరుకోదు.

కొత్త చక్రాలను లేత్ మీద 100 మిల్లీమీటర్ల బయటి వ్యాసానికి తరిగి, చుట్టును సమాన భాగాలుగా పంచే డివైడింగ్ హెడ్‌పై ఎక్కించి, ఒక్కో పన్నుకు దాని పిడిని రెండు పూర్తి చుట్లు, ఆపైన 18 రంధ్రాల వలయంలో నాలుగు రంధ్రాలు జరుపుతూ పళ్ళు కోస్తుంటే నేను పక్కనే నిలబడి చూశాను. మధ్యలో టీ వచ్చినా ఆ లెక్క పూర్తయ్యేదాకా ఆయన గ్లాసు ముట్టుకోలేదు. బిగించేటప్పుడు పళ్ళకు నీలిరంగు పూసి తిప్పి, మరక పన్ను నడుమ పడిందో లేదో చూశాడు. తర్వాత సందులో న్యూస్‌పేపరు ముక్క పెట్టి తిప్పి, అది నలిగి, చినగకుండా బయటికి వచ్చాకే బోల్టులు బిగించాడు. ఆ కాస్త సందును ప్లే అంటారు. అది బొత్తిగా లేకపోతే పళ్ళు వేడెక్కి పట్టేస్తాయి, ఎక్కువైతే చెరకు గణుపు వచ్చినప్పుడల్లా దెబ్బ పడుతుంది.

జతకు 4,200 రూపాయలు తీసుకున్నారు. పనికి తగిన ధరే. అయితే రెండు రోజుల్లో ఇస్తామన్నది నాలుగు రోజులు పట్టింది, ఎండాకాలంలో రసం బండికి అది చిన్న నష్టం కాదు. బిల్లు కూడా అడిగితే తప్ప రాయలేదు. చక్రాలపై వేసే రేకు కవచం వంగి ఉన్నా సరిచేయకుండానే ఇచ్చారు, చేతులు ఆడే చోట అది పట్టించుకోవలసిన విషయం.

వెళ్ళేవారు పాత చక్రాలు రెండింటినీ, ఇరుసుల మధ్య దూరం కొలిచి రాసుకున్న కాగితాన్నీ వెంట తీసుకువెళ్ళాలి. అరిగిన చక్రానికి కొత్తదాన్ని జత చేసేది లేదని వారు ముందే చెబుతారు. నేను ఒక్కటే పట్టుకెళ్ళి, రెండోదాని కోసం మిట్టమధ్యాహ్నం మళ్ళీ హనుమకొండ రావలసి వచ్చింది.