హనుమకొండలో ఆరు ఆదివారాలు: వైట్‌చాపెల్ హంతకుడి మనసుపై నడిచిన పాఠాల గురించి

నక్కలగుట్టలోని ఒక శిక్షణ కేంద్రం వాళ్లు తమ మేడమీది హాలులో ఆరు ఆదివారాల పాటు నడిపిన పాఠాలకు నేను 1,800 రూపాయలు కట్టి, ఒక్క వారం కూడా మానకుండా వెళ్లాను. 1888లో లండన్ నగరపు తూర్పు భాగంలో, వైట్‌చాపెల్ ప్రాంతంలో, పేద స్త్రీలను చంపి పట్టుబడకుండా పోయిన, జాక్ ద రిప్పర్ అని పేరుపడ్డ వ్యక్తిని ఆ పనికి పురికొల్పింది ఏమై ఉంటుందన్నది ఆ పాఠాల విషయం. ఒక్కో పాఠం గంటన్నర, ఆ తరువాత అరగంట ప్రశ్నలకు, చేతికి 64 పుటల తెలుగు నోట్సు. రెండో విడత త్వరలో మొదలవుతుందని తెలిసి, చేరవచ్చా అని అడుగుతున్నవాళ్ల కోసం ఈ సమీక్ష రాస్తున్నాను.

నేను వరంగల్ కోర్టుల్లో ముప్పై ఏళ్లు ఉద్యోగం చేసి రిటైరైనవాణ్ని. సెషన్స్ కేసుల కట్టలు విప్పి కట్టడమే నా పని కాబట్టి, చార్జిషీటులో మోటివ్, అంటే నేరానికి ప్రేరణ, గురించి రాసే పేరాను వందల సార్లు చదివాను. 2024 దాకా అమల్లో ఉన్న పాత సాక్ష్య చట్టం 8వ సెక్షన్ ప్రేరణను సంబంధిత వాస్తవంగా అంగీకరించేది. కళ్లారా చూసిన సాక్షి నమ్మదగినవాడైతే ప్రేరణ తేలకపోయినా కేసు నిలబడుతుంది గాని, కేవలం సందర్భ సాక్ష్యం మీద నడిచే కేసులో దాని బరువు చాలా పెరుగుతుంది. ఆ పేరా రాయడానికి నిందితుడంటూ ఒకడుండాలి, వాడి అప్పులో, పగలో, అనుమానాలో సాక్షుల నోట పలకాలి. మనిషే దొరకని కేసులో ఆ పేరాను ఎట్లా రాస్తారో చూడాలన్న ఆసక్తితోనే ఈ పాఠాలలో చేరాను.

మొదటి ఆదివారం కేవలం వాస్తవాలు చెప్పారు, అది మంచి పద్ధతి. ఆనాటి పోలీసు దస్త్రంలో 1888 ఏప్రిల్ నుంచి 1891 ఫిబ్రవరి దాకా జరిగిన పదకొండు హత్యలు ఉన్నాయి. వాటిలో ఐదింటిని మాత్రమే సాధారణంగా ఒకే చేతి పనిగా లెక్కిస్తారు: ఆగస్టు 31న మేరీ ఆన్ నికోల్స్, సెప్టెంబరు 8న ఆనీ చాప్మన్, సెప్టెంబరు 30న ఒకే రాత్రి ఎలిజబెత్ స్ట్రైడ్, కేథరిన్ ఎడోస్, నవంబరు 9న మేరీ జేన్ కెల్లీ. ఆగస్టు 7న 39 కత్తిపోట్లతో చనిపోయిన మార్తా టాబ్రమ్‌ను ఈ వరుసలో చేర్చాలా వద్దా అన్నది నేటికీ తెగని వాదం. ఆమెను చేరిస్తే హంతకుడు ముందు కసిగా పొడిచి తరువాత గొంతు కోయడం నేర్చుకున్నవాడవుతాడు, చేర్చకపోతే మొదటి రాత్రే ఆ పద్ధతిని సిద్ధం చేసుకుని వచ్చినవాడవుతాడు. లెక్కలో ఒక్క పేరు మారితే మనసు గురించిన ఊహ మొత్తం మారిపోతుందని పాఠం చెప్పే సారు అక్కడే చెప్పి, ఆ మాటను చివరి వారానికి ముందు దాకా మరచిపోనివ్వలేదు.

ఈ పాఠాలకు నేను కట్టిన డబ్బు రెండో ఆదివారంతోనే చెల్లిపోయింది. డాక్టర్ థామస్ బాండ్ 1888 నవంబరు 10న పోలీసు అధికారి రాబర్ట్ ఆండర్సన్‌కు పంపిన నివేదికను తెలుగు చేసి, ప్రతి ఒక్కరికీ ఒక ప్రతి ఇచ్చారు. బాండ్ కెల్లీ శవాన్ని స్వయంగా పరీక్షించాడు, మిగిలిన నలుగురి విషయంలో ఇతర వైద్యుల రాతలు చదివాడు. ఐదు హత్యలూ ఒకడే చేశాడని, వాడు బలం, నిబ్బరం, తెగువ ఉన్నవాడని, అప్పుడప్పుడు హత్యా కాముకోన్మాదం ఆవహించే మనిషని రాశాడు. పగ పట్టి కుములుతున్న మనసు గాని, మతోన్మాదం గాని మూలం కావచ్చునని ప్రస్తావించి, ఆ రెంటినీ తాను అంతగా నమ్మడం లేదన్నాడు. పైకి చూస్తే నెమ్మదస్తుడిలా, నడివయసువాడిలా, శుభ్రమైన దుస్తుల్లో కనిపించవచ్చునని, ఒంటరిగా ఉంటూ స్థిరమైన పని లేకుండా కొద్దిపాటి రాబడి మీద బతుకుతూ ఉండవచ్చునని కూడా ఊహించాడు. నేరస్థలాన్ని బట్టి నేరస్థుడి స్వభావాన్ని గీసే ప్రొఫైలింగ్‌కు తొలి నమూనాలలో ఒకటిగా ఈ నివేదికను చెబుతారు.

సారు ఆ కాగితం మీద నిలువుగా ఒక గీత గీయించారు. ఎడమవైపు శవం చెప్పిన మాటలు, కుడివైపు డాక్టరు ఊహించిన మాటలు విడదీసి రాయమన్నారు. గొంతు ఎడమ నుంచి కుడికి కోయడం, పడి ఉన్న స్థితి, గాయాల తీరు ఎడమవైపు సులువుగా చేరిపోయాయి. నెమ్మదస్తుడు, ఒంటరివాడు, శుభ్రమైన బట్టలవాడు అన్నవి కుడివైపుకు తప్ప ఎటూ పోలేదు. ఉన్మాదం అన్న మాటను ఎటు వేయాలన్న దగ్గర హాలంతా ఆగిపోయింది. నేను ఎడమవైపు రాసి, కొట్టేసి, కుడివైపు రాశాను. ఇన్నేళ్లు పంచనామాకూ చార్జిషీటుకూ నడుమ ఉన్న తేడాను కాగితాల మీద చూసిన నాకు కూడా ఆ గీత ఇంత కచ్చితంగా ఎన్నడూ కనిపించలేదు.

అదే పద్ధతిలో మూడో ఆదివారం నైపుణ్యం ప్రశ్నను విప్పారు. చాప్మన్ శవాన్ని చూసిన డాక్టర్ ఫిలిప్స్ హంతకుడికి శరీర నిర్మాణ జ్ఞానం ఉందన్నాడు. ఎడోస్‌ను పరీక్షించిన డాక్టర్ బ్రౌన్ అవయవాలు ఎక్కడెక్కడ ఉంటాయో వాడికి బాగా తెలుసన్నాడు. బాండ్ మాత్రం కసాయివాడికి ఉండే పరిజ్ఞానం కూడా లేదన్నాడు. చాప్మన్ కేసు విచారించిన కరోనర్ (మరణ కారణాన్ని విచారించే అధికారి) విన్ బాక్స్టర్, ఒక అమెరికన్ ఒక్కో గర్భాశయానికి 20 పౌండ్లు ఇస్తానని వైద్య సంగ్రహాలయం వాళ్లను అడిగాడన్న కబురు పట్టుకుని, హంతకుడిది ధనాశ కావచ్చునని అధికారికంగానే చెప్పాడు. వైద్య లోకం ఆ మాటను వెంటనే తోసిపుచ్చింది. ఒకే రకం గాయాలను చూసి ఒకరు ఉన్మాదమనీ, ఇంకొకరు బేరమనీ అన్నారంటే, ప్రేరణ గురించిన మాట ఎంత పలుచని నేల మీద నిలబడుతుందో తెలుస్తుంది.

కామం, ద్వేషం, అధికారం అన్న మూడింటి మీద జరిగిన చర్చ అన్నిటికంటే లోతుగా సాగింది. ఎడోస్ విషయంలో లైంగిక సంపర్కం ఆనవాళ్లు లేవని డాక్టర్ బ్రౌన్ చెప్పాడు. అయినా 1886లో మానసిక వైద్యుడు క్రాఫ్ట్ ఎబింగ్ ప్రచురించిన గ్రంథం తరువాతి కూర్పులలో ఈ హత్యలను కామప్రేరిత హత్యల కిందనే చేర్చింది, ఎందుకంటే అక్కడ కత్తే సంపర్కానికి మారుగా నిలిచిందని ఆయన వాదం. 2005లో రాబర్ట్ కెపెల్, ఆయన సహ పరిశోధకులు ఈ కేసులను మళ్లీ పరిశీలించి, చంపడానికి అవసరమైన చేష్టలను, చంపడానికి అవసరం లేకపోయినా హంతకుడు తన తృప్తి కోసం చేసిన చేష్టలను వేరు చేశారు. రెండో రకాన్ని వాళ్లు సిగ్నేచర్ అంటారు, సారు దానికి ‘ముద్ర’ అన్న మాట వాడారు. గొంతు కోయడం బాధితురాలి నోరు మూయించడానికి, ప్రాణం తీయడానికి పనికివచ్చింది. ఆ తరువాత చేసిన కోతలన్నీ చనిపోయిన మనిషి మీద చేసినవి. వాడికి అరుపులు అక్కరలేదు, బాధ చూడడం అక్కరలేదు, ఎదురు చెప్పని దేహం పూర్తిగా తన చేతుల్లో ఉండడం కావలసి వచ్చింది. ఈ మేరకు చెప్పడం సాక్ష్యాన్ని దాటిపోవడం కాదని నాకూ అనిపించింది.

పిచ్చివాడన్న సులువైన మాటను సారు ఒప్పుకోలేదు, అందుకు ఆయన చూపిన ఆధారం నన్ను కదిలించింది. మైటర్ స్క్వేర్‌లో గస్తీ కానిస్టేబుల్ వాట్కిన్స్ రాత్రి 1:30కి తిరిగినప్పుడు అక్కడ ఏమీ లేదు, దాదాపు 1:45కు మళ్లీ వచ్చేసరికి ఎడోస్ శవం ఉంది. ఆ పావుగంటలోపే చంపి, ఎడమ మూత్రపిండం, గర్భాశయం తీసి, చీకట్లో కలిసిపోయినవాడు ఆవేశంలో ఒళ్లు తెలియని మనిషి అయి ఉండడు. కోరిక అదుపు తప్పింది, బుద్ధి మాత్రం బూటు చప్పుడు వింటూనే ఉంది. ఈ రెండూ ఒకే మనిషిలో ఎట్లా ఇముడుతాయన్నదే అసలు ప్రశ్న. నేరస్థులను పద్ధతి గలవాళ్లు, పద్ధతి లేనివాళ్లు అని రెండు గంపల్లో వేసే వర్గీకరణ ఇక్కడ పనికిరాదని, 2004లో మనస్తత్వవేత్త డేవిడ్ కాంటర్ బృందం వంద హత్యలను పరీక్షించి ఆ విభజనే నిలవదని చూపిందని చెప్పి, హత్యలు జరిగి నూరేళ్లయిన సందర్భంగా 1988లో అమెరికా దర్యాప్తు సంస్థ ఎఫ్‌బీఐకి చెందిన జాన్ డగ్లస్ తయారు చేసిన ప్రొఫైల్‌ను కూడా ఇదే జల్లెడలో పట్టారు. అందులో వయసు 28 నుంచి 36 మధ్య అని, పెత్తనం చేసే తల్లి, ఆసరాగా నిలవని తండ్రి అని రాసి ఉంది. పేరు కూడా తెలియని మనిషికి బాల్యం రాయడాన్ని ఏ సెషన్స్ జడ్జీ ఒప్పుకోడు.

నాలుగో వారం ప్రశ్నల సమయంలో, ఎంజీఎం ఆసుపత్రిలో నర్సుగా చేసి రిటైరైన ఒకామె లేచి, “సారూ, మూడు వారాలైంది, ఆ ఆడోళ్ల సంగతి ఎప్పుడు చెప్తరు?” అని అడిగింది. సారు నొచ్చుకోకుండా, “నిజమేనమ్మా, అది ముందే చెప్పాల్సింది” అని ఒప్పుకుని, ఐదో వారం మొత్తం వాళ్లకే కేటాయించారు. ఐదుగురిలో నలుగురు నలభై దాటినవాళ్లు, కెల్లీ ఒక్కతే పాతికేళ్ల ప్రాయంలో ఉంది. నికోల్స్‌కు ఆ రాత్రి పడకకు కట్టవలసిన నాలుగు పెన్నీలు లేవు. చాప్మన్ అప్పటికే ఊపిరితిత్తుల జబ్బుతో చిక్కిపోయి ఉంది. ఎడోస్ కెంట్ ప్రాంతానికి బీరు తయారీలో వాడే హాప్ పంట కోతకు వలసకూలిగా పోయి అప్పుడే తిరిగి వచ్చింది. మన పాలమూరు కూలీల తిరుగుడు ఎరిగినవాళ్లకు ఆమె బతుకును వేరే విడమరచి చెప్పనక్కరలేదు. దీనికి ప్రేరణతో నేరుగా సంబంధం ఉంది. 1894లో పోలీసు అధికారి మెక్‌నాటెన్ తన నివేదికలో కోజ్మిన్‌స్కీ అనే అనుమానితుడికి వేశ్యలంటే తీవ్రమైన ద్వేషమని రాశాడు. ఆ తరువాత వేశ్యలను ద్వేషించేవాడన్న మాట హంతకుడికే అతుక్కుపోయింది. కానీ నికోల్స్, చాప్మన్, ఎడోస్ ఆ వృత్తిలోనే ఉన్నారనడానికి గట్టి ఆధారం లేదని ఇటీవలి చరిత్ర పరిశోధన వాదిస్తోంది. అర్ధరాత్రి దాటాక తలదాచుకోవడానికి చోటు లేక వీధిలో ఉన్నవాళ్లు వాళ్లు కాబట్టి, వాడు ద్వేషంతో ఎంచుకున్నాడో, చేతికి అందినందువల్ల పట్టుకున్నాడో గాయాలు చెప్పలేవు.

అదే రోజు ఒక యువ వకీలు గొర్రెకుంట సంగతి ఎత్తారు. 2020 మే నెలలో, లాక్‌డౌన్ రోజుల్లో, మన ఊరి పక్కనే అక్కడి బావిలో తొమ్మిది మృతదేహాలు దొరికినప్పుడు, పని పోయి ఆకలికి తట్టుకోలేక కుటుంబం సామూహికంగా ప్రాణాలు తీసుకుందని మనలో చాలామందిమి నమ్మాం. హంతకుడు దొరికి, విచారణ జరిగి, అంతకు ముందు చేసిన ఒక హత్యను కప్పిపుచ్చుకోవడానికే అన్నంలో నిద్రమాత్రలు కలిపి వాళ్లను బావిలో పడేశాడని తేలింది. ఆ ఏడాది అక్టోబరులో వరంగల్ కోర్టు మరణశిక్ష విధించింది. బావి గట్టున నిలబడి మృతదేహాలను చూసినవాళ్లలో ఒక్కరైనా ఆ ప్రేరణను ఊహించలేకపోయారు. 130 ఏళ్ల కిందటి వీధి గురించి మనం ఎంత నమ్మకంగా మాట్లాడవచ్చునో ఈ ఒక్క ఉదాహరణతో నాకు కొలత దొరికింది.

ఉత్తరాల ముచ్చట త్వరగానే ముగించారు, అది సబబే. జాక్ ద రిప్పర్ అన్న పేరు సెప్టెంబరు 25 తేదీతో ఒక వార్తా సంస్థకు వచ్చిన ఉత్తరం నుంచి పుట్టింది. దాన్ని ఒక పత్రికా విలేకరే రాశాడని పోలీసు అధికారులు నమ్మారు. ఆ ఉత్తరం పక్కన పెడితే, కీర్తి కోసం చంపాడన్న వాదానికి మిగిలేది దాదాపు శూన్యం.

ఇక లోపం చెప్పాలి. ఆరో ఆదివారం వేరొక అతిథి వచ్చి, అనుమానితుల మీద మాట్లాడి, ఐదు వారాలు కట్టినదాన్ని గంటన్నరలో పడగొట్టారు. ఎడోస్ శవం దగ్గర దొరికిందని చెప్పే ఒక శాలువా మీద జరిపి 2019లో ప్రచురించిన డీఎన్ఏ పరీక్షను చూపి, కోజ్మిన్‌స్కీయే హంతకుడని తేలిపోయినట్టు ప్రకటించి, ఆ పైన అతని మతిస్థిమితం నుంచి ప్రేరణను అల్లుకుంటూ పోయారు. ఆ శాలువా ఎడోస్ శవం దగ్గర దొరికిందనడానికి ఆనాటి రికార్డు లేదు, అది ఎన్నో చేతులు మారింది, పైగా మైటోకాండ్రియల్ డీఎన్ఏ ఒక వ్యక్తిని వేలెత్తి చూపదు, తల్లి వైపు వంశాన్ని మాత్రమే సూచిస్తుంది. కోర్టులో సాక్ష్యంగా తెచ్చిన వస్తువు మీద సీలు సరిగా లేకపోతేనే పక్కన పెట్టడం చూసిన నాకు ఇది చాలా బాధ కలిగించింది. వైట్‌చాపెల్‌లో యూదు వలసదారుల మీద అనుమానం రగిలి, జాన్ పైజర్ అనే చెప్పుల పనివాడు ఏ నేరమూ లేకుండా అరెస్టయిన చరిత్ర మూడో వారం ఇదే హాలులో చెప్పారు. ఆ తరువాత కూడా ఒక పేద వలస మనిషిని, అతను జబ్బుపడి మానసిక రోగుల ఆసుపత్రిలో చేరాడన్న కారణంతో, ఇంత సులువుగా హంతకుణ్ని చేయకూడదు.

కెల్లీ గదిలో తీసిన ఫొటోను ముందుగా చెప్పకుండా తెర మీద వేయడం కూడా తప్పే. ముందు వరుసలోని డిగ్రీ విద్యార్థినులు ఇద్దరు లేచి బయటికి వెళ్లిపోయారు. ఇచ్చిన పటం జిరాక్సు మీద జిరాక్సు తీసినది కావడంతో వీధుల పేర్లు చదవడానికి రాలేదు, హంతకుడు ఎటు నుంచి ఎటు పోయి ఉంటాడన్న చర్చలో పటమే ముఖ్యం. హాలు, కుర్చీలు, మంచినీళ్లు, సమయపాలన అన్నీ సవ్యంగా ఉన్నాయి. కాజీపేట వైపు నుంచి వచ్చేవాళ్లకు చివరి బస్సు అందేలా ఆరున్నరకే ముగించేవారు.

మనస్తత్వశాస్త్రం చదువుతున్న మా మనవరాలికి రెండో విడతకు ఫీజు కట్టాను. నిర్వాహకులకు పటం మార్చమని, ఫొటో వేసే ముందు చెప్పమని, ఆరో పాఠం కూడా సారునే చెప్పనివ్వమని కాగితం రాసి ఇచ్చాను. మొదటి రెండింటికి సరేనన్నారు, మూడోదానికి ఇంకా జవాబు రాలేదు. అందుకని నడుమ గీత గీసిన ఆ కాగితం ఒకటి కొత్తగా తయారు చేసి పిల్ల సంచిలో పెట్టి, ఆరో ఆదివారం అతిథి మాట్లాడుతున్నప్పుడు కూడా రెండు వైపులా నింపుకుంటూ కూర్చోమని చెప్పాను.