కొత్త పాట ఎవరు చెప్పాలి: స్నేహితుడా, స్పాటిఫైయా?

పాటలు వినే యాప్ స్పాటిఫైలో ‘డిస్కవర్ వీక్లీ’ 2015లో మొదలైంది. ప్రతి సోమవారం 30 పాటల జాబితా మన ముందు పెడుతుంది. మీకు నచ్చిన పాటల్ని ప్లేలిస్టుల్లో చేర్చుకున్నవాళ్లు వాటి పక్కన ఇంకేం పెట్టుకున్నారో చూసి, అందులో మీరు విననివి ఏరి ఇస్తుంది. ఓపికలో దానికి ఏ స్నేహితుడూ సాటిరాడు. అర్ధరాత్రి అడిగినా విసుక్కోదు.

చిక్కల్లా, ఎక్కువగా పదిమంది విన్నదే దాని కంట పడుతుంది. ఎవరూ పెద్దగా వినని పాటకు అక్కడ జత దొరకడం కష్టం. పైగా పిల్లలు మీ ఫోన్‌లో వారమంతా చిట్టి గీతాలు మోగించారో, మీ జాబితా గతి ఇక అంతే!

స్నేహితుడు ఇచ్చేది ఒక్క పాటే, అదీ ఎప్పుడో. కానీ “ఆలాపన దాటేయకు, అసలు రుచి అక్కడే ఉంది” అని కూడా చెబుతాడు. కర్ణాటక సంగీతంలో ఈ తేడా బాగా తెలుస్తుంది. ఒకే త్యాగరాజ కీర్తనను ఎందరో పాడి ఉంటారు. బాలమురళీకృష్ణతో మొదలుపెట్టాలా, శ్రీరంగం గోపాలరత్నంతోనా అన్నది చెవి ఉన్న మనిషే చెప్పాలి. ఎవరో టేపులో పట్టి దాచుకున్న పాత రేడియో కచేరీలైతే యాప్‌లో వెతికినా దొరకడం కష్టం. అవి వాట్సాప్‌లో చేతులు మారుతుంటాయి.

అలాగని స్నేహితులతో ఇబ్బంది లేకపోలేదు. కొందరు తమ అభిమాన సంగీత దర్శకుణ్ణి దాటి బయటికి రారు. మొహమాటానికి “బాగుంది” అనక తప్పదు. యాప్‌ని నిర్దాక్షిణ్యంగా దాటేయొచ్చు.

బస్సులో కాలక్షేపానికి యాప్ చాలు. కూర్చుని వినాలంటే నా ఓటు మనిషికే. ఆ మనిషి చెప్పిన గాయకుడి మిగతా పాటల కోసం మళ్లీ యాప్ తెరుస్తాను.