నరసాపురం లేసు టేబుల్ క్లాత్: పనితనానికి ఫుల్ మార్కులు, నా పేచీ అంతా ధరతోనే

ఆరుగురు కూర్చునే డైనింగ్ టేబుల్‌కి నరసాపురం లేసు క్లాత్ కొన్నాను. తెలుపు, కాటన్ దారం, పూర్తిగా చేతి అల్లిక. ముందు వస్తువు సంగతి చెప్తాను: చాలా చాలా బాగుంది. పువ్వులు విడివిడిగా అల్లి తర్వాత అతికిన డిజైన్, తిరగేసి చూసినా దారం కొస ఎక్కడ దాచారో కనిపించదు, అంచు ఎక్కడా లాగినట్టు లేదు. వాషింగ్ మెషీన్‌లో మాత్రం వేయకండి. చేత్తో ఉతికి, మెలిపెట్టి పిండకుండా టవల్లో చుట్టి నీళ్లు తీసేసి, పరిచి ఆరబెడితే ఆకారం చెడలేదు, పల్చగా గంజి పెడితే మళ్లీ కొత్తదానిలా ఉంది. కింద ఇంకో గుడ్డ వేసుకోవాలి, లేకపోతే పులుసు ఒలికినప్పుడు నేరుగా టేబుల్ మీదికి దిగుతుంది.

ఇక ధర. 1,800 రూపాయలు. ఇంత పనికి అది మరీ తక్కువ. ఇందులో అల్లినవాళ్లకి ఎంత వెళ్తుందని అడిగితే షాపాయన "ఇంట్లో ఖాళీగా ఉండే ఆడవాళ్లు టైంపాస్‌కి అల్లుతారండీ, వాళ్లకి ఎంతిచ్చినా మిగిలినట్టే" అన్నాడు. నాకు ఒళ్లు మండింది. ఇన్ని పువ్వులు ఒకే కొలతలో రావాలంటే కళ్లూ నడుమూ ఎంత పట్టేయాలో అల్లిక తెలిసిన ఎవరినైనా అడగండి.

ఈ మాట ఆయనొక్కడిదీ కాదు. 1844లో స్కాట్లండ్ నుంచి వచ్చిన మెక్రే అనే మిషనరీ దంపతులు ఇక్కడి ఆడవాళ్లకి లేసు నేర్పారని చెప్తారు, సరుకు విదేశాలకు పోయేది. దేశానికి స్వాతంత్ర్యం వచ్చింది, 1970ల్లో ఎగుమతులు బాగా పెరిగాయి, కానీ ఆ దశాబ్దం చివర్లో నరసాపురం వచ్చి పరిశోధన చేసిన జర్మన్ సామాజిక శాస్త్రవేత్త మారియా మీస్‌కి కనిపించిందేమిటంటే, వేల మంది ఆడవాళ్లు ఇంటి పనంతా చేసుకుని రోజూ గంటల తరబడి అల్లుతున్నా వాళ్లని పనివాళ్లుగా ఎవరూ లెక్కేయడం లేదు, ఇల్లాళ్లు తీరిక వేళ చేసుకునే పని కింద జమ కట్టి కూలి అడుగున ఉంచేశారు. చేతిపని, అతుకుపని ఆడవాళ్లవి. బజారూ బేరమూ ఎగుమతీ మగవాళ్లవి. ఆడవాళ్లు పొలం పనికి వెళ్లకపోవడమే ఇంటి పరువు అనుకునే కుటుంబాల్లో ఇది ఇంకా బాగా సాగింది, గడప దాటని మనిషికి బయట ఏ రేటుకి అమ్ముతున్నారో తెలిసే దారి లేదు కదా.

2024లో ఈ లేసుకి జీఐ ట్యాగ్ (భౌగోళిక గుర్తింపు) వచ్చింది, సంతోషం. కానీ ఆ ట్యాగ్ ఊరి పేరుని కాపాడుతుంది, కూలి రేటు దాని పరిధిలోకి రాదు.

తర్వాత ఒక డ్వాక్రా స్టాల్లో చిన్న టీపాయ్ క్లాత్ కొన్నాను. సైజుతో పోలిస్తే షాపు కంటే ధర ఎక్కువే, సంతోషంగా ఇచ్చాను. అల్లినావిడే అక్కడ కూర్చుని ఉన్నారు. "ఏజెంటుకి అల్లితే దారం ఆయనదే, రేటూ ఆయనదేనండి. ఇక్కడైతే రేటు మేం చెప్తాం, డబ్బులు నా అకౌంట్లోనే పడతాయి" అన్నారు. మా టీపాయ్ కొలత చెప్తే అంచు ఇంకో వరస పెంచి ఇచ్చారు, షాపులో ఈ సౌకర్యం లేదు.

లేసుకి 5కి 5 ఇస్తాను. షాపుకి 2, అది కూడా ప్యాకింగ్ బాగుందని. కొనాలనుకుంటే డ్వాక్రా బజార్లలో, సరస్ ఎగ్జిబిషన్లలో (మహిళా సంఘాలు సరుకు అమ్ముకునే మేళాలు) అల్లినవాళ్ల దగ్గరే చూడండి, పెద్ద సైజుకి ముందే ఆర్డరివ్వండి, టైం పడుతుంది. బేరం మాత్రం ఆడకండి.