రామతీర్థం వెళ్లేవాళ్లు గురుభక్తుల కొండకీ ఒక పూట ఉంచుకోండి

రామతీర్థం ఎన్నిసార్లు వెళ్లినా మాకు ఒకటే వరస. బోడికొండ ఎక్కడం, కోదండరాముడికి దణ్ణం పెట్టుకోవడం, కింద గుడిలో ప్రసాదం తీసుకుని మధ్యాహ్నం భోజనానికి విజయనగరం చేరిపోవడం. ఆ పక్కనే పచ్చగా ఉండే గురుభక్తుల కొండ పేరు చిన్నప్పటి నుంచీ వింటున్నదే. పైన బౌద్ధుల కట్టడాలు ఉన్నాయని మాస్టారు బడిలో చెప్పారు కూడా. అయినా ఒక్కసారీ కాలు పెట్టలేదు. మొన్న డిసెంబరు చివర్లో, చేలు కోసి కుప్పలు వేసిన రోజుల్లో, నేనూ మా మేనల్లుడూ పనిగట్టుకుని దానికోసమే వెళ్లాం.

బస విజయనగరంలోనే. రామతీర్థంలో రాత్రి ఉండాల్సిన అవసరం నాకు కనిపించలేదు, దూరం పన్నెండు పదమూడు కిలోమీటర్లే కదా. ఆర్టీసీ కాంప్లెక్స్‌కి నడిచి వెళ్లగలిగే దూరంలో ఒక లాడ్జిలో దిగాం. దుప్పట్లు శుభ్రం, నీళ్లు వేడి. కానీ రోడ్డు వైపు గది ఇచ్చారు, రాత్రి రెండు దాకా లారీల హారన్లే. అడిగితే వెనక వైపు గది ఇచ్చేవారట, ఆ సంగతి పొద్దున్న తెలిసింది. మీరు దిగినప్పుడే అడగండి.

పొద్దున్న ఆరింటికి బయల్దేరాం. ఆ వేళకి బస్సు దొరకలేదు. నెల్లిమర్ల దాకా ఒక సర్వీసు ఆటో, అక్కడి నుంచి రామతీర్థానికి ఇంకో ఆటో. పొలాల మీద మంచు ఇంకా విడలేదు. నెల్లిమర్లలో రోడ్డు పక్కన ఒకావిడ ఉడకబెట్టిన తేగలు కట్టలు కట్టి అమ్ముతుంటే ఒక కట్ట కొని సంచిలో వేసుకున్నాం. అదే తరవాత మా టిఫిన్ అయింది, ఎందుకంటే ఆ వేళకి రామతీర్థంలో టీ తప్ప ఇంకేమీ దొరకలేదు.

అసలు చిక్కు కొండ మొదట్లోనే. దారి ఎటో చెప్పే బాణం గుర్తు ఒక్కటీ మాకు కనబడలేదు. ఒక బోర్డు ఉంది గానీ అక్షరాలు వెలిసిపోయాయి. మేం చూసుకున్న డొంక జీడితోటలోకి పోయి ఆగిపోయింది. వెనక్కి తిరుగుతుంటే మేకలు తోలుకొస్తున్న ఒక ముసలాయన కనిపించాడు.

"ఏటి బాబూ, ఇలాగొచ్చీసినారు? కొండమీదకేనా? దారి ఇటు కాదు, రండి."

ఆయన మేకలు ఎలాగూ ఆ వైపే మేస్తాయట. సగం దూరం మాతోనే వచ్చాడు, చేతిలో కర్రతో పొదలు తడుతూ. మేం కూడా ఒక్కో కర్ర పట్టుకున్నాం. అది ఆయన చెప్పిన మొదటి జాగ్రత్త: రాళ్ల సందుల్లో చెయ్యి పెట్టొద్దు, ముందు కర్ర పెట్టాలి. రెండోది నీళ్లు. పైన కోనేట్లో నీళ్లు ఉన్నా అవి తాగేవి కావు, మనిషికి లీటరు సీసా ఒకటి ఉండాలి.

నడక పెద్దదేం కాదు. ఆగుతూ ఆగుతూ మాకు ముప్పావు గంట పట్టింది. మొదట్లో జీడిచెట్లు, తరవాత పరికి, బలుసు, వాక పొదలు, మధ్యలో ఈత దుబ్బులు. అడవి అంటే మన్యంలో లాగా ఆకాశం కనపడని అడవి కాదు. భుజం ఎత్తు ముళ్లకంపల మధ్య ఒక మనిషి పట్టే సన్నని దారి. అక్కడక్కడ రాళ్లు మెట్లలా పేర్చి ఉన్నాయి. చెప్పులతో ఎక్కితే మడమలకి ముళ్లు ఖాయం, బూట్లు వేసుకోండి, పొడుగు చేతుల చొక్కా కూడా. మా వాడు టీషర్టుతో వచ్చి మోచేతులు గీరుకుపోయాడు. కానీ ఆ దారిలో ఉన్నంతసేపూ పిట్టల అరుపూ మేకల మెడలో గంటలూ తప్ప ఇంకో చప్పుడు లేదు. విజయనగరానికి ఇంత దగ్గర్లో ఇంత నిశ్శబ్దం దొరుకుతుందని నేను అనుకోలేదు.

నేల నుంచి సుమారు 500 అడుగుల ఎత్తులో కొండ ఒక్కసారిగా చదునవుతుంది. ఒక పక్క నిలువు రాతిగోడ, ఇంకో పక్క లోయ, మధ్యలో పొడుగాటి అరుగులాంటి ఇరుకు జాగా. ఆ అరుగు మీదే స్తూపం, చైత్యం అనే ప్రార్థనా మందిరం, భిక్షువుల గదుల పునాదులు. ఇటుకలు ఇప్పటి ఇటుకకి ఎన్నో రెట్లు పెద్దవి. మా మేనల్లుడు పక్కన కూర్చుని జానతో కొలిచి, "మావయ్యా, ఇది రెండు చేతులతో మోయాల్సిన ఇటుక" అన్నాడు. ఈ కొండ మీదా, పక్కనే ఉన్న దుర్గకొండ మీదా ఉన్న బౌద్ధ విహారాల గురించి పురావస్తు శాఖ అధికారి అలెగ్జాండర్ రీ ఆ శాఖ 1910-11 నివేదికలో రాశాడు. అంటే ఇది లోకానికి తెలిసి నూరేళ్లు దాటింది. ఆ పొద్దున్న పైన మేమిద్దరం తప్ప ఎవరూ లేరు.

నన్ను ఎక్కువసేపు కూర్చోబెట్టింది స్తూపం కాదు, కోనేరు. రాతి గోడ పక్కన వాన నీళ్లు నిలిచేలా కట్టిన తొట్టి అది. డిసెంబరు చివర్లో కూడా నీళ్లు ఉన్నాయి, పైన పాచి. ఇంత ఎత్తులో, ఇంత ఇరుకు జాగాలో మనుషులు ఏళ్ల తరబడి ఎలా ఉన్నారన్న ప్రశ్నకి జవాబు అక్కడే ఉంది. బావి తవ్వే వీలు లేదు, గెడ్డా వాగూ లేవు. కొండ మీద పడ్డ వానని పోనివ్వకుండా పట్టుకోవాలి, అంతే. అన్నానికి మాత్రం కింద ఊరికి దిగేవారు కాబోలు. పొద్దున్నే భిక్షాపాత్ర పట్టుకుని మేం ఎక్కిన లాంటి దారిలోనే దిగుతున్న మనుషులు నా కళ్ల ముందు మెదిలారు.

అరుగు చివరికి వెళ్లి నిలబడితే మంచు విడుతోంది. కింద కోసిన చేలు పసుపు ముక్కల్లా, మధ్య మధ్య చెరువులు అద్దాల్లా. నెల్లిమర్ల వైపు తాటిచెట్ల వరసలు, వాటి వెనక చంపావతి ఉండాల్సిన చోట తెల్లటి గీత. పడమట తూర్పు కనుమలు ఒకదాని వెనక ఒకటి నీలంగా. ఎనిమిదిన్నర దాకా తేగలు ఒలుచుకు తింటూ అక్కడే కూర్చున్నాం. చూడాలంటే అదే వేళ. తొమ్మిది దాటాక ఎండ నేరుగా రాయి మీద పడుతుంది, తల దాచుకునేందుకు పైన చెట్టు లేదు.

ఒక్కటి మాత్రం మనసు పాడుచేసింది. పునాది రాళ్ల మీద సుద్దతో, మేకుతో గీకిన పేర్లు, కోనేటి గట్టున ఖాళీ సీసాలు, చిప్స్ కవర్లు. మేం తీసుకెళ్లిన గోనెసంచిలో పట్టినన్ని కిందకి దించాం, ఇంకా మిగిలిపోయాయి. వెళ్లేవాళ్లు దయచేసి ఒక సంచి పట్టుకెళ్లండి, ఇటుక ఒక్కటీ కదపకండి. ఈ కొండకి మెట్లూ రెయిలింగులూ అక్కర్లేదు. మొదట్లో చదవగలిగే బోర్డు ఒకటి, తాగునీటి కుళాయి ఒకటి చాలు.

దిగాక బోడికొండ కూడా ఎక్కాం. రెంటికీ పోలిక లేదు. ఇది పేరుకి తగ్గట్టు బోడి రాయి, మెట్లు బాగున్నాయి, పెద్దవాళ్లు కూడా నెమ్మదిగా ఎక్కేస్తున్నారు. 2020 డిసెంబరులో ఇక్కడ స్వామి విగ్రహాన్ని ధ్వంసం చేసినప్పుడు మా ఇంట్లో ఆ రోజు పొయ్యి వెలగలేదు. 2022 ఏప్రిల్‌లో తెరిచిన కొత్త రాతి గుడిలో నిలబడితే ఆ బరువు కొంత దిగింది. ఈ ఊరి కొండల్లో జైనుల గుర్తులూ ఉన్నాయి. పదకొండో శతాబ్దం మొదట్లో ఏలిన తూర్పు చాళుక్య విమలాదిత్యుడి కాలపు శాసనం ఒకటి, త్రికాలయోగి సిద్ధాంతదేవుడనే జైనాచార్యుడు ఇక్కడి రామకొండకి మొక్కిన సంగతి చెబుతుంది. మూడు మతాలవాళ్లు ఎక్కిన కొండలు ఇవి. శివరాత్రి జాతరప్పుడు మాత్రం నడక పెట్టుకోకండి, జనంతో ఊరంతా నిండిపోతుంది.

మర్నాడు శ్రీకాకుళంలో మా అక్క ఇంటికి వెళ్లాం. ఆవిడకి మోకాళ్ల నొప్పులు. గురుభక్తుల కొండ ఫోటోలు చూసి "నన్ను వదిలేసి వెళ్లారు" అని చిన్నబుచ్చుకుంది. అందుకే ఆ సాయంత్రం శాలిహుండం తీసుకెళ్లాం, అక్కడా కొండ మీద బౌద్ధ శిథిలాలే. ఊరి నుంచి ఇరవై కిలోమీటర్ల లోపే, ఆటో మాట్లాడుకుంటే రానూపోనూ అయిపోతుంది. బేరం ముందే చేసుకోండి. మా ఆటో అతను కింద ఆగినందుకు వేరే డబ్బులు అడిగాడు. కొండ చిన్నది, దారి సాఫీగా ఉంది, అక్క రెండుచోట్ల కూర్చుని పైకి వచ్చేసింది. ఇక్కడి శిథిలాలని 1919లో వెలుగులోకి తెచ్చింది మన గిడుగు రామమూర్తి పంతులుగారు. వాడుక భాష కోసం పోరాడిన పంతులుగారే ఈ కొండని కూడా మనకి చూపించారని చెబితే మా మేనల్లుడు నమ్మలేదు, ఫోన్‌లో వెతికి చూసుకున్నాడు.

నడక కావాలంటే, ఒంటరితనం కావాలంటే గురుభక్తుల కొండే. ఇంట్లో పెద్దవాళ్లని తీసుకెళ్లాలంటే శాలిహుండం. పైనుంచి చూస్తే వంశధార వెడల్పుగా కళింగపట్నం వైపు సాగిపోతుంది, చివర సముద్రం. అక్క పైట చెంగు తల మీదుగా కప్పుకుని నదినే చూస్తూ కూర్చుంది. చీకటి పడుతోందని నేను రెండుసార్లు పిలిచాక గానీ లేవలేదు.