నాలుక మీద కరిగే రిజాట్రిప్టాన్ మాత్ర: రెండేళ్ల వాడకం తర్వాత

పార్శ్వపు నొప్పి నాకు ఎడమ కణతలో మొదలై, గంట తిరగక ముందే కంటి వెనక్కి పాకుతుంది. ఆపైన వెలుతురును గానీ, వంటింట్లోంచి వచ్చే పోపు వాసనను గానీ భరించలేను. పారాసిటమాల్, ఆ తర్వాత నాప్రోక్సెన్ నాకు సరిపోలేదు. రెండేళ్ల క్రితం న్యూరాలజిస్టు నా బీపీ చూసి, ఇంట్లో ఎవరికైనా గుండె జబ్బు ఉందా అని కూడా అడిగి, నాలుక మీద కరిగే రిజాట్రిప్టాన్ 10 మిల్లీగ్రాముల మాత్ర రాశారు.

ఆ ప్రశ్నల అవసరం మందు పనిచేసే తీరు తెలిశాక అర్థమైంది. రిజాట్రిప్టాన్ లాంటి ట్రిప్టాన్ మందులు మెదడు పొరల్లో ఉబ్బిన రక్తనాళాలను ముడుచుకునేలా చేస్తాయి, నొప్పిని రగిలించే రసాయనాల విడుదలనూ తగ్గిస్తాయి. అయితే గుండె రక్తనాళాలు కూడా కొంత సన్నబడతాయి కాబట్టి, గుండె జబ్బు గానీ, పక్షవాతం గానీ వచ్చినవారు, బీపీ అదుపులో లేనివారు వీటిని వాడకూడదు. పక్కింటివారికి తగ్గిందని మనం తెచ్చుకునే మందు కాదిది.

మాత్ర పనితనం గురించి చెప్పాలంటే, నొప్పి ఇంకా తక్కువగా ఉన్నప్పుడే వేసుకుంటే ఎక్కువ సార్లు రెండు గంటల్లో లేచి పని చేసుకోగలుగుతున్నాను. మరికాసేపు చూద్దామని ఆగిన రోజుల్లో ఫలితం సగమే, ఎందుకంటే పార్శ్వపు నొప్పి ముదిరేకొద్దీ జీర్ణాశయం కదలిక మందగించి మందు ఒంటికి పట్టడం ఆలస్యమవుతుంది. నాలుక మీద కరుగుతుంది గనుక వెంటనే పనిచేస్తుందని నేనూ మొదట నమ్మాను. నిజానికి అది లాలాజలంతో కలిసి కడుపులోకి వెళ్లాకే రక్తంలో చేరుతుంది, మామూలు మాత్ర కంటే కాస్త ఆలస్యంగానే చేరుతుంది. నీళ్లు అక్కర్లేకపోవడమే దీని సౌకర్యం; బస్సులో ఉన్నప్పుడు నాకు అది చాలా ఉపయోగపడింది. ఆగకుండా వాంతులయ్యేవారు ముక్కులో కొట్టుకునే సుమాట్రిప్టాన్ స్ప్రే గురించి డాక్టరును అడగడం మంచిది.

వేసుకున్నాక మెడ బిగుసుకున్నట్టు ఉండటం, మగత రావడం నాకు తరచూ జరుగుతాయి. అందుకే ఆ పూట స్కూటర్ తీయను. తగ్గిన నొప్పి సాయంత్రం తిరగబెడితే రెండో మాత్ర వేసుకోవచ్చు, కానీ రెండు మాత్రల మధ్య కనీసం 2 గంటలు గడవాలి. మొదటిది అసలు పనిచేయకపోతే అదే నొప్పికి రెండోది వేయవద్దని మా డాక్టరు గట్టిగా చెప్పారు. 24 గంటల్లో 30 మిల్లీగ్రాములు దాటకూడదు.

ఈ లెక్క నాకు మధ్యలో మారింది. నొప్పి రాకుండా నివారణకు ప్రొప్రనలాల్ మొదలుపెట్టినప్పుడు రిజాట్రిప్టాన్‌ను డాక్టరు 5 మిల్లీగ్రాములకు తగ్గించారు, ఎందుకంటే ప్రొప్రనలాల్ వల్ల రక్తంలో దీని పరిమాణం దాదాపు 70 శాతం పెరుగుతుంది. అలాంటివారికి రోజు పరిమితి 15 మిల్లీగ్రాములే. ఆ వారమే ఒక మందుల షాపులో 5 లేవని, మందు ఒకటే కదా అని 10 మిల్లీగ్రాముల స్ట్రిప్పు చేతిలో పెట్టారు. చీటీతో పోల్చి చూడకపోతే వేసుకునేదాన్నే. స్ట్రిప్పు మీద నిలువు ఎర్ర గీత ఉన్న, అంటే డాక్టరు చీటీ మీదే అమ్మాల్సిన మందు విషయంలో అలాంటి మాట అనడం క్షమించరానిదని నా అభిప్రాయం.

అంతకన్నా భయపెట్టేది ఇంట్లోని మందుల డబ్బా. అమ్మ ఏళ్లుగా వాడుతున్న తలనొప్పి మాత్రలో ఎర్గోటమిన్ ఉంది. అదీ రక్తనాళాలను బిగించేదే కాబట్టి, అది వేసుకున్నాక 24 గంటల లోపు ట్రిప్టాన్ వేసుకోకూడదు, దీని తర్వాత దాన్నీ వేసుకోకూడదు. ఒక రాత్రి అమ్మ ప్రేమగా ఆ మాత్ర తెచ్చి ఇవ్వబోయింది. అప్పటినుంచి నా మాత్రలు వేరే డబ్బాలో ఉంటున్నాయి.

వేసుకున్న ప్రతిసారీ క్యాలెండర్‌లో గుర్తు పెడుతున్నాను. నెలకు 10 రోజులు, అంతకు మించి ట్రిప్టాన్ వాడుతూ 3 నెలలు దాటితే మందే కొత్త తలనొప్పిని తెచ్చిపెట్టవచ్చు. గత ఏడాది ఒక నెలలో 8 గుర్తులు కనిపించగానే డాక్టరు దగ్గరికి వెళ్లాను. ఆ ప్రొప్రనలాల్ అప్పుడు మొదలైనదే, ఇప్పుడు నెలకు 3 గుర్తులు దాటడం లేదు.