ఆరేళ్లుగా ఇమేజ్‌మ్యాజిక్: ఒక శ్రీకాకుళం నెట్ సెంటర్ అనుభవం

శ్రీకాకుళంలో మాది చిన్న నెట్ సెంటర్. ఉద్యోగ నోటిఫికేషన్ పడితే చివరి రెండు రోజులూ కుర్చీలు చాలవు. ఫోటో జేపీజీలోనే ఉండాలి, 50 కేబీ దాటకూడదు అంటారు. పిల్లలేమో ఐఫోన్‌లో తీసిన హెచ్‌ఈఐసీ ఫోటో పట్టుకొస్తారు. 2017లో ఐఓఎస్ 11 వచ్చాక ఆ ఫోన్లలో అదే మామూలు ఫార్మాట్. ఫైలు పేరు చివర జేపీజీ అని రాసేస్తే సరిపోతుందనుకుంటారు కొందరు. పేరు మారుతుంది గానీ లోపలి డేటా మారదు. గడువు రోజున ఆ పిల్లల టెన్షన్ చూడలేం.

ఈ పనంతా నేను ఇమేజ్‌మ్యాజిక్ అనే, ఫోటోల ఫార్మాట్, సైజు మార్చే సాఫ్ట్‌వేర్‌తోనే చేస్తాను. ఉచితం, షాపులో వాడుకున్నా లైసెన్సు అడ్డురాదు, నెట్ పోయినా పని ఆగదు. అంతకంటే ముఖ్యం, జనం ఫోటోలు, సంతకాలు ఎవరిదో వెబ్‌సైట్‌కి ఎక్కించక్కర్లేదు. కమాండ్లు టైప్ చేయాలి కాబట్టి మొదటి నెల కష్టమే. ముందు కొలతలు తగ్గించి, ఫైలు సైజు పరిమితి చెప్పే జేపీఈజీ ఎక్స్‌టెంట్ (jpeg:extent) దగ్గర 50 కేబీ అని ఇస్తే క్వాలిటీని తనే సర్దుకుంటుంది.

ఒకమ్మాయి బ్యాక్‌గ్రౌండ్ తీసేసిన సంతకం పీఎన్‌జీలో తెచ్చింది. జేపీజీ చేసి చూస్తే మొత్తం నలుపు. "అన్నా, నా సంతకం ఏదీ?" అంది. జేపీజీలో పారదర్శకత ఉండదు, నల్ల సిరా నలుపులో కలిసిపోయింది. బ్యాక్‌గ్రౌండ్ తెలుపు అని, ఫ్లాటెన్ (బొమ్మని ఆ తెలుపుతో కలిపేయమని) అని కమాండ్‌లో చేరిస్తే సంతకం తేలింది.

పొందూరు ఖద్దరు చీరలు అమ్మే పెద్దాయన ఒకరు నెలకోసారి వస్తారు. తెల్ల నేత, ఎర్ర అంచు. ఫైళ్లు తేలికవ్వాలని క్వాలిటీ 60లో మార్చి ఇచ్చాను. ఆయన స్క్రీన్ దగ్గరికి వంగి, "మా నేత ఇలా మైనం పూసినట్టు ఉండదు బాబూ" అన్నారు. జూమ్ చేస్తే నిజమే. జేపీజీ బొమ్మని 8×8 చుక్కల గళ్లుగా విడగొట్టి కుదిస్తుంది. సన్న నూలు గీతలు ఆ గళ్లలోనే చెరిగిపోయాయి, ఎర్ర అంచు తెలుపులోకి కారినట్టుంది. వాలుగ చేప దవడతో దూది ఏకి, చేత్తో వడికిన నూలది. ఆ సన్నదనం కనబడకపోతే ఇక ఫోటో ఎందుకు? క్వాలిటీ 90, ఆపైన ఇస్తే ఇమేజ్‌మ్యాజిక్ రంగు వివరాల్ని తగ్గించదు. అసలు ఫైళ్ల నుంచే 92తో మళ్లీ చేశాను, అంచు గీసినట్టు నిలబడింది. జేపీజీనే మళ్లీ మళ్లీ సేవ్ చేస్తే ప్రతిసారీ కొంత పోతుంది, అందుకే ఆయన అసలు ఫైళ్లు ఇప్పటికీ విడిగా దాచి ఉంచాను.

ఇమేజ్‌మ్యాజిక్‌లోనే ఉన్న మోగ్రిఫై కమాండ్ దగ్గర మాత్రం జాగ్రత్త. ఫోల్డర్ మొత్తాన్ని ఒకేసారి మారుస్తుంది, కానీ వేరే ఫార్మాట్ చెప్పకుండా సైజు తగ్గించమంటే అసలు ఫైళ్ల మీదే రాసేస్తుంది. మా చెల్లి సీమంతం ఫోటోలు అలాగే చిన్నవైపోయాయి. కెమెరా కార్డులో ఇంకా ఉండబట్టి గట్టెక్కాను. అప్పట్నుంచి ఇంకో ఫోల్డర్‌లోకి కాపీ చేశాకే ఆ కమాండ్ కొడుతున్నాను.