ఆటో డార్కెనింగ్ హెల్మెట్: నల్లబడని రోజు ఏమైందంటే

వెల్డింగ్ రాడ్డు కొసని ఎక్కడ పెట్టాలనుకున్నానో అక్కడే పెట్టగలుగుతున్నాను. వెల్డింగ్ వెలుగు పడగానే అద్దం దానంతటదే నల్లబడే ఈ హెల్మెట్ గురించి నేను చెప్పదలచుకున్నదంతా దాదాపు ఇదే. నల్ల అద్దమున్న చేతి షీల్డుతో పనిచేసినవాళ్ళకి దీని విలువ విడమర్చి చెప్పనక్కర్లేదు. రాడ్డుని అతకాల్సిన గీత దగ్గరికి తెచ్చి, షీల్డు మొహానికి అడ్డం పెట్టుకునేలోపు చెయ్యి ఎటో జరుగుతుంది. నల్ల అద్దం వెనక ఏమీ కనపడక అంచనా మీద తగిలిస్తే, ఆర్క్, అంటే రాడ్డు కొసన పుట్టే మంట, అరంగుళం అవతల అంటుకుంటుంది. పద్దెనిమిది గేజీ పల్చటి స్క్వేర్ పైపు మీద అరంగుళం తేడా అంటే చిల్లే. ఆ చిల్లు పూడ్చబోతే ఇంకా పెద్దదవుతుంది.

మా విజయవాడ ఆటోనగర్‌లో మేస్త్రీలు దీనికో పద్ధతి కనిపెట్టుకున్నారు. కళ్ళు గట్టిగా మూసుకుని టాక్ (ముక్కలు కదలకుండా ముందు వేసే చిన్న అతుకు) కొట్టేస్తారు. వాళ్ళ చేతులకి వయసుంది, లెక్కుంది. పటమటలో మా ఇంటి కింద కారు షెడ్డులో ఆదివారం పూట మాత్రమే రాడ్డు హోల్డర్ పట్టే నాకు అది కుదరదు. పైగా చత్వారం.

మెషీన్ ఏది, ఎన్ని ఆంప్స్, ఏ రాడ్డు అన్నవి వదిలేస్తున్నాను. అందరి దగ్గరా ఉండే చిన్న ఇన్వర్టర్ మెషీనే, 6013 రాడ్లే. హెల్మెట్ కూడా ఆర్క్ వెలుగుని పసిగట్టే సెన్సార్లు రెండున్న మామూలు రకం. ఆర్క్ లేనప్పుడు అద్దం లేత ఆకుపచ్చగా ఉంటుంది, అందులోంచి పని కనిపిస్తూనే ఉంటుంది. రాడ్డు తగిలిన క్షణంలో నల్లబడుతుంది. సెకనులో 25,000వ వంతు అని డబ్బా మీద రాశారు. దాన్ని కొలిచే సాధనం నా దగ్గర లేదు గానీ, నా కన్నైతే ఆ మధ్యలో వెలుగుని పట్టుకోలేకపోయింది. రెండో చెయ్యి ఖాళీగా ఉంటుంది కాబట్టి పైపుని పట్టుకోవచ్చు. ఇది వచ్చాక మొదట చేసింది అమ్మ ఎప్పటినుంచో అడుగుతున్న దొండపాదు పందిరి. దాని అతుకులు చూపించడానికి నాకు సిగ్గేమీ లేదు. అంతకుముందు చేసిన చెప్పుల స్టాండు మాత్రం గోడవైపు తిప్పి పెట్టి ఉంటుంది.

ఇక అసలు సంగతి. కిందటి ఎండాకాలం, కూలర్ పెట్టుకోవడానికి కిటికీ బయట యాంగిల్‌తో స్టాండు చేస్తున్నాను. నాలుగు కాళ్ళూ నిలబెట్టాక లోపలి మూలలకి ఒక వరస వెల్డింగ్ వేయాలి. దానికోసం తల ఫ్రేము లోపలికి దూర్చాల్సి వచ్చింది. పై యాంగిల్ సరిగ్గా నా నుదుటికి ఎదురుగా ఉంది. సెన్సార్లు ఉండేదీ అక్కడే, అద్దం పైన. రాడ్డు తగిలించాను. నల్లబడలేదు. తెల్లటి వెలుగు మొహం మీద కొట్టింది. ఏదో పొరపాటున జరిగిందేమోనని మళ్ళీ తగిలిస్తే ఒకసారి నల్లబడింది, వెంటనే మళ్ళీ తెల్లబడింది. హోల్డర్ పక్కన పడేసి హెల్మెట్ తీస్తే ఎటు చూసినా ఒక ఆకుపచ్చ మచ్చ.

మచ్చ కాసేపటికి పోయింది. టెన్షన్ పోలేదు. వెల్డింగ్ దెబ్బ అప్పటికప్పుడు తెలియదు. ఆర్క్‌లోని అల్ట్రావయొలెట్ కిరణాలకి కంటి పైపొర కాలుతుంది, కొన్ని గంటల తర్వాతే నొప్పి మొదలవుతుంది. నాకు పని నేర్పిన మేస్త్రికి ఫోన్ చేశాను.

“కళ్ళల్లో ఇసుక పోసినట్టుందా సార్?”

“లేదు మేస్త్రీ.”

“అయితే ఇంకా టైముంది లెండి. రాత్రి పదకొండు దాటాక తెలుస్తుంది.”

ధైర్యం చెప్పడం అంటే ఇదే మరి! అమ్మ కళ్ళ మీద పెట్టడానికని బంగాళాదుంప చక్రాలు తరిగి ఫ్రిజ్‌లో పెట్టింది. మా ఆవిడ అరగంటకోసారి టార్చి వేసి చూసి, ఎర్రబడలేదని చెప్పి, అయినా మళ్ళీ చూసింది. నేను మంచం మీద కళ్ళు ఆర్పుతూ, ఇసుక వచ్చిందా రాలేదా అని వెతుక్కుంటూ పడుకున్నాను. పదకొండు దాటింది, పన్నెండు దాటింది. ఎప్పుడు నిద్రపట్టిందో తెలియదు. తెల్లారి లేచేసరికి కళ్ళు మామూలుగానే ఉన్నాయి. బంగాళాదుంపలు వేపుడైపోయాయి.

ఎందుకు తగల్లేదో డబ్బాలోని కాగితం చదివితే అర్థమైంది. నల్లబడటం అన్నది కంటికి కనిపించే వెలుగుని తగ్గించడానికే. అల్ట్రావయొలెట్‌నీ, ఇన్‌ఫ్రారెడ్‌నీ ఆపే పొర అద్దంలో విడిగా ఉంటుంది. నల్లబడినా బడకపోయినా, బ్యాటరీ ఉన్నా లేకున్నా అది పనిచేస్తూనే ఉంటుంది. అద్దం మీద 4/9-13 అని ఉంటుంది చూడండి. అందులో 4 అంటే ఖాళీగా ఉన్నప్పటి షేడ్, అంటే నలుపు స్థాయి; మిగతావి నల్లబడ్డాక మనం నాబ్ తిప్పి పెట్టుకునేవి. ఈ అద్దం పూర్తిగా తెల్లగా ఎందుకుండదని నేను సణుగుతూ వచ్చిందీ ఆ షేడ్ 4 గురించే. అలాగని ఆర్క్‌ని షేడ్ 4లోంచి చూస్తూ కూర్చోమని కాదు. ఆ మచ్చ ఊరికే రాలేదు. పక్కన ఏ గుర్తూ, ఏ ప్రమాణం పేరూ లేని అద్దాలకి నేను ఈ మాట చెప్పలేను కూడా.

అప్పటినుంచి మూలల్లో తల దూర్చేముందు సెన్సార్లకి అడ్డమేమైనా ఉందా అని చూసుకుంటున్నాను. పని మొదలుపెట్టేముందు టీవీ రిమోట్‌ని సెన్సార్ వైపు పెట్టి నొక్కితే నా హెల్మెట్ టపటపా నల్లబడుతుంది. అన్నిట్లోనూ అవుతుందో లేదో గానీ, నాకు అదో చిన్న పూజలాగా అలవాటైపోయింది.

కొన్న కొత్తలో చుట్టాలందరికీ సోలార్ అని గొప్పగా చెప్పాను. సోలార్ పట్టీ ఉన్నమాట నిజమే. దానితోపాటు లోపల ఓ బిళ్ళ బ్యాటరీ కూడా ఉంది, అది నీరసపడితే అద్దం పని మధ్యలో మినుకుమంటుంది. బీసెంట్ రోడ్డులో వాచీలు బాగుచేసే కొట్లో సీఆర్2032 దొరికింది, సరిపోయింది. కొన్ని హెల్మెట్లలో బ్యాటరీ మార్చే వీలే ఉండదట, కొనేముందు వెనక మూత ఉందో లేదో చూడండి.

డాబా మీద ఎండలో పని చేస్తే సూర్యుడి వైపు తల తిరిగినప్పుడల్లా చీకటైపోతుంది. సెన్సార్ల సెన్సిటివిటీ తగ్గిస్తే ఆ బాధ తప్పుతుంది. కానీ అప్పుడు సన్న రాడ్డుతో తక్కువ కరెంటులో వేసే ఆర్క్‌ని అది పట్టించుకోవడం మానేస్తుంది. షెడ్డు నీడలో ఈ గొడవ లేదు. రోహిణి కార్తెలో రోళ్ళు పగిలే మా ఊళ్ళో చెమట సంగతి ఇంకోటి. లోపలివైపు అద్దం మీద ఆవిరి పడుతుంది, తలపట్టీ నానిపోతుంది. కాగితంలో పై హద్దు 55 డిగ్రీలని ఉంది కాబట్టి మధ్యాహ్నం పూట కారులో మాత్రం వదిలేయను.

నాకు నిజంగా కోపం తెప్పించింది పైన ఉండే కవర్ అద్దం. స్పాటర్ (వెల్డింగ్‌లో చిందే నిప్పురవ్వలు) పడి పడి మసకబారడం దాని ధర్మం, మార్చుకోవాలి. మామూలు షీల్డు అద్దాలు ఆటోనగర్‌లో ఏ కొట్లో అడిగినా ఇస్తారు. దీని కొలత మాత్రం ఎవరి దగ్గరా లేదు. అమ్మినాయన “హెల్మెట్‌తోనే వస్తాయి సార్, విడిగా రావు” అన్నాడు. ఉన్న ఒక్కదాన్నీ తుడిచి తుడిచి గీతలు పడేశాక, అంచులు సానపట్టిన ప్లాస్టిక్ రేకు పెట్టి నడిపిస్తున్నాను. మొదటి నెలల్లో కనిపించినంత స్పష్టంగా ఇప్పుడు కనిపించడం లేదు, అది ఒప్పుకోవాలి.

మేస్త్రికి కొన్నాళ్ళు వాడమని ఇచ్చాను. టాక్‌లు కొట్టడానికి బాగుందన్నాడు. “కానీ మేం నిమిషానికోసారి ఎవరితోనో మాట్లాడాలి సార్, రోజంతా తలమీద పెట్టుకోలేం” అని తిరిగిచ్చేశాడు. ఆయన పనికి ఆయన మాట నిజం. వారానికో పూట, ఒంటరిగా, పల్చటి పైపుల మీద పనిచేసే యాభై ఏళ్ళ మనిషిని కాబట్టి నాకిది సరిపోయింది. టిగ్ వెల్డింగ్ చేసేవాళ్ళు నన్ను అడక్కండి, నేను వాడలేదు. నేనే మళ్ళీ కొంటే నాలుగు సెన్సార్లది చూస్తాను. కవర్ అద్దాలు ఓ అరడజను విడిగా ఇవ్వలేని కొట్లో మాత్రం కొనను.